తుంటి ఆపరేషన్ తరువాత: పెద్దవారిని ఇంట్లో లేపి నడిపించడం ఎలా

మా వైపు పెద్దవాళ్లు పడిపోయే చోట్లు కొత్తవేమీ కావు. తెల్లవారుజామున వాకిలి ఊడ్చి సాన్పి చల్లుతూ జారుతారు, అర్ధరాత్రి మూత్రానికి లేచి చీకట్లో కడప తట్టుకుంటారు, తాండూరు బండలు పరిచిన స్నానాల గదిలో సబ్బునీటి మీద కాలు పెడతారు. పడ్డ మనిషి లేచి నిలబడలేక, ఒక కాలు రెండోదానికన్నా పొట్టిగా కనిపిస్తూ, ఆ పాదం బయటి వైపుకు ఒరిగి ఉంటే తుంటి బొక్క విరిగిందనే అనుమానించాలి. అప్పుడు నాటుకట్టు కట్టేవారి దగ్గరికి తీసుకుపోతే విలువైన కాలం పోవడం తప్ప ప్రయోజనం ఉండదు. ముంజేతి ఎముకను కట్టుతో నిలిపినట్లు తుంటిని కట్టుతో నిలపడం సాధ్యం కాదు. కాలిని కదపకుండా 108లో దవాఖానకు చేర్చి, ఒంటి పరిస్థితి అనుకూలిస్తే ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ జరిగేలా చూడాలి.

మా అమ్మ డెబ్బై రెండో ఏట, దేవరకొండ దగ్గరి మా ఊళ్లో, ఇలాగే వాకిట్లో పడింది. ఆపరేషన్ గంటన్నరలో అయిపోయింది గానీ ఆ తరువాతి ఆరు నెలలు ఇంటిల్లిపాదికీ అదే పని అయింది. డాక్టరు దగ్గర, ఫిజియోథెరపిస్టు దగ్గర మేము నేర్చుకున్నవీ, మా పొరపాట్ల వల్ల తెలిసివచ్చినవీ ఇక్కడ రాస్తున్నాను. తుంటి ఆపరేషన్ అయిన పెద్దవారికి మంచానికే అతుక్కుపోవడం ఎంత హాని చేస్తుందో, తొందరపడి నేల దాకా వంగడం కూడా అంత హాని చేస్తుంది. మన ఇళ్లలో వంట, భోజనం, స్నానం, దొడ్డికి పోవడం, పూజ అన్నీ నేలకు దగ్గరగానే సాగుతాయి. అందువల్ల మనిషిని లేపి నడిపించడమూ, ఆ మనిషి చేసుకునే పనులన్నిటినీ నేల మీది నుంచి మోకాలి పైఎత్తుకు తేవడమూ ఒకేసారి జరగాలి.

జరిగిన ఆపరేషన్ ఏదో ముందుగా తెలుసుకోవాలి

అందరం ‘తుంటి ఆపరేషన్’ అని ఒకే మాట అంటాము గానీ అది ఒకటే ఆపరేషన్ కాదు. తొడ ఎముక పైకొన బంతిలా ఉండి, కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. ఆ బంతికి కింద సన్నని మెడ ఉంటుంది. ఎముక ఆ మెడ దగ్గర విరిగితే బంతికి రక్తం అందడం దెబ్బతింటుంది. పెద్ద వయసులో అది సరిగ్గా అతుక్కోకపోవచ్చు కాబట్టి, చాలామందికి ఆ బంతిని తీసేసి లోహపు బంతిని అమరుస్తారు. గిన్నెను కూడా మారిస్తే అది పూర్తి తుంటి మార్పిడి అవుతుంది. మెడకు కొంచెం కింద విరిగినప్పుడు మాత్రం ఎముకను మార్చకుండా, లోపల రాడ్డు వేసి స్క్రూలతో బిగిస్తారు.

ఈ తేడా తెలియకపోతే ఇంట్లో పాటించవలసిన జాగ్రత్తలన్నీ తారుమారవుతాయి. బంతి మార్చినవారికి, ముఖ్యంగా వెనుక వైపు నుంచి కోత పెట్టినవారికి, మొదటి నెలల్లో ఆ బంతి గిన్నెలోంచి జారే ప్రమాదం ఉంటుంది. రాడ్డు వేసినవారికి ఆ భయం లేదు గానీ ఎముక అతుక్కోవడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ‘మా మామ నెలకే కింద కూర్చున్నాడు’ అని పలకరించడానికి వచ్చినవారు చెప్పే మాట రాడ్డు వేసిన మనిషి గురించి అయి ఉండవచ్చు. దాన్ని నమ్మి బంతి మార్చిన మనిషిని పీట మీద కూర్చోబెడితే మళ్లీ దవాఖాన దారి పట్టవలసి వస్తుంది.

అందుకే దవాఖాన వదలకముందే ఒక కాగితం మీద కొన్ని ప్రశ్నలు రాసుకుని, డాక్టరు చెప్పిన జవాబులను అక్కడే పెద్ద అక్షరాలతో రాయించుకోవాలి. బంతి మార్చారా, రాడ్డు వేశారా? ఆ కాలి మీద పూర్తి బరువు వేయవచ్చా, సగం వేయాలా, పాదం ఆనించడానికే పరిమితమా? ఏ వంపులు నిషేధం, ఎన్ని వారాల వరకు? రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చిన సూది లేదా మాత్ర ఏ తేదీ వరకు? కుట్లు విప్పేది ఎప్పుడు, ఎక్స్‌రే ఎప్పుడు? మేము ఆ కాగితాన్ని వంటింటి తలుపుకు అంటించాము. ఇంట్లో మనుషులు మారుతూ ఉంటారు కాబట్టి చెప్పుడు మాట కన్నా గోడ మీది రాత నమ్మకమైనది.

ఖర్చు గురించి క్లుప్తంగా. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్‌లో మొదట మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఈ పథకం పరిమితి 10 లక్షల రూపాయలు. చేరిన రోజే రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని దవాఖానలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలిసి, జరగబోయే ఆపరేషన్‌కు ఏది వర్తిస్తుందో, ఏది చేతి నుంచి పెట్టుకోవాలో అడిగి తెలుసుకోవాలి. ఆపరేషన్ అయ్యాక అడిగితే చిక్కులు వస్తాయి.

మనిషి వచ్చేలోపు ఇంటి ఎత్తులు సరిచేయడం

నా అభిప్రాయంలో కోలుకోవడంలో సగభాగం ఇక్కడే ఉంది. మనిషిని ఇంటికి తెచ్చాక కుర్చీ కోసం ఊరంతా తిరిగే బదులు, దవాఖానలో ఉన్న రోజుల్లోనే ఇంట్లో ఒకరు టేపు పట్టుకుని పనికి దిగాలి. లెక్క సులువైనది. ఆ మనిషిని నిలబెట్టి, లేదా కాలు వేలాడేలా కూర్చోబెట్టి, అరికాలి నుంచి మోకాలి వెనుక ముడత వరకు కొలవాలి. దానికి రెండు మూడు అంగుళాలు కలిపితే వచ్చేదే మంచానికి, కుర్చీకి, దొడ్డి కుర్చీకి ఉండవలసిన ఎత్తు. కూర్చున్నప్పుడు పాదాలు నేలకు ఆనుతూ, తుంటి మోకాలి కన్నా కొంచెం పైన ఉండాలి.

ఆ ఎత్తు మన నులక మంచానికి ఉండదు. ఉన్నా నడుమ కుంగి మనిషిని గుంతలో పడేస్తుంది, లేవబోతే తుంటి మడత పడుతుంది. చెక్క మంచమో ఇనుప మంచమో చూసి, మీద గట్టి పరుపు వేసి, ఎత్తు చాలకపోతే కోళ్ల కింద నడుమ గుంత తీసిన చెక్క దిమ్మెలు పెట్టించాలి. కోడు ఆ గుంతలో కూర్చుంటుంది కాబట్టి జారదు. ఉత్త ఇటుకలు పెడితే మనిషి అంచున కూర్చోగానే మంచం కదులుతుంది. మంచం గోడకు అతికించకుండా, దిగే వైపు వాకర్ తిరిగేటంత జాగా వదలాలి.

కుర్చీకి రెండు చేతులు తప్పక ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ అయితే వెనుక కాళ్లు పగలని గట్టిదాన్ని చూసుకోవాలి, లేచేటప్పుడు బరువంతా చేతుల మీద పడుతుంది. మెత్తని సోఫా, దూది నింపిన మెత్త, వాకిట్లోని అరుగు, ఇవన్నీ మూడు నెలలు మరచిపోవలసినవి.

దొడ్డి సంగతి చాలామంది సిగ్గుపడి దాటేస్తారు. నేల మీద గొంతుకూర్చునే లెట్రిన్ తుంటి ఆపరేషన్ అయినవారికి అసలు పనికిరాదు. దాని మీద పెట్టుకునే నాలుగు కాళ్ల కమోడ్ కుర్చీ నల్లగొండ, మహబూబ్‌నగర్, మిర్యాలగూడ వంటి పట్టణాల్లో వైద్య పరికరాల దుకాణాల్లో దొరుకుతుంది. కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు ఉండాలి, గోడకు స్టీలు పైపు బిగించాలి. తువ్వాలు వేసుకునే సన్నని కడ్డీ పట్టుకుంటే ఊడివస్తుంది, దాన్ని ఆసరాగా లెక్కించరాదు. లెట్రిన్ పెరట్లో దూరంగా ఉంటే రాత్రిపూట కమోడ్ కుర్చీని మంచం పక్కనే పెట్టాలి. మా అమ్మ మొదటి వారం నీళ్లు తాగడం దాదాపు మానేసింది. అడిగితే, ‘మీతోటి ఎన్నిసార్లు లేపించుకోవాలె’ అంది. నీళ్లు తగ్గితే మలబద్ధకం, మూత్రంలో మంట, తల తిరగడం వెంటనే వస్తాయి. కమోడ్ కుర్చీ పక్కకు వచ్చాక ఆ ఇబ్బంది తీరింది.

స్నానానికి చేతులున్న కుర్చీ వేసి, బకెట్‌ను కూడా ఒక స్టూలు మీదికి ఎక్కించాలి. బకెట్ నేల మీద ఉంటే చెంబు ముంచడానికి వంగక తప్పదు. నేల మీద రబ్బరు చాప పరచాలి. గదికి గదికి నడుమ కడప ఎత్తుగా ఉంటే, దాటేటప్పుడు ఒకరు పక్కన ఉండాలి, లేదా వాలుగా చెక్క వేయించాలి. కరెంటు పోయినా వెలిగే చార్జింగు బల్బు ఒకటి దొడ్డి దారిలో పెట్టాలి. హవాయి చెప్పుల బదులు మడమకు పట్టీ ఉన్న చెప్పులు వేయించాలి. చీర కుచ్చిళ్లు, ధోతీ అంచు చీలమండకు పైన ఉండాలి.

మంచం దిగడం, కూర్చోవడం, అడుగు వేయడం

సాధారణంగా ఆపరేషన్ మరునాడే మనిషిని కూర్చోబెట్టి, నిలబెట్టి, వాకర్‌తో కొన్ని అడుగులు వేయిస్తారు. ఇంటివారికి ఇది కఠినంగా తోస్తుంది. ‘పచ్చి పుండు మీద నడిపిస్తున్నారు’ అని మా మేనత్త ఏడ్చింది. నిజానికి పడుకున్న పెద్దవారికి వచ్చే నిమ్ము, కాలి నరంలో రక్తం గడ్డ, పిరుదుల మీద, మడమల మీద పడక పుండ్లు, కండ తగ్గిపోవడం, ఇవే ప్రాణం మీదికి తెస్తాయి. డాక్టరు బరువు వేయవచ్చని చెప్పిన తరువాత నొప్పికి భయపడి పడుకోబెట్టడం జాలి అనిపించుకోదు. దవాఖానలో మూడు బంతుల ఊపిరి పరికరం ఇస్తే దాన్ని ఇంట్లో కూడా మెలకువగా ఉన్న ప్రతి గంటా నాలుగైదుసార్లు పీల్పించాలి.

మంచం మీద ఉన్నంతసేపు చేయవలసిన వ్యాయామాలు చిన్నవి. పాదాన్ని పైకి కిందికి ఆడించడం గంటకు పదిసార్లు, మోకాలిని పరుపుకు నొక్కి ఐదు లెక్కించే వరకు ఉంచడం పదిసార్లు, పిరుదులు బిగించి వదలడం, మడమను పరుపు మీద మెల్లగా దగ్గరకు జరిపి మళ్లీ చాపడం. పాదం ఆడించడం తప్ప మిగతావి రోజుకు మూడు పూటలు చాలు. తమంతట తాము మెదలలేనివారిని రెండు గంటలకు ఒకసారి కొంచెం పక్కకు తిప్పి, మడమల కింద గాలి ఆడేలా పిక్కల కింద దిండు పెట్టాలి. వెనుక వైపు నుంచి బంతి మార్చినవారు పడుకున్నా, పక్కకు తిరిగినా మోకాళ్ల నడుమ దిండు ఉండాలి. కాలు మీద కాలు వేయరాదు, పాదాన్ని లోపలికి తిప్పరాదు, తుంటి దగ్గర తొంభై డిగ్రీలకు మించి వంగరాదు. ఈ తొంభై డిగ్రీల మాట మా ఇంట్లో ఎవరికీ అందలేదు. చివరకు ఫిజియోథెరపిస్టు, ‘కూర్చున్నప్పుడు మీ చేయి మోకాలి దాకా పోవచ్చు, అక్కడి నుంచి కిందికి పోకూడదు’ అని చెప్పాక అమ్మకు అర్థమయింది. కింద పడ్డ వస్తువు తీయడం, కాలిగోళ్లు తీసుకోవడం, కూర్చుని కాళ్ల మీది దుప్పటి లాక్కోవడం, ఇవన్నీ ఆ గీత దాటే పనులే.

కూర్చునేటప్పుడు కుర్చీ అంచు రెండు పిక్కలకు తగిలే దాకా వెనక్కి జరగాలి. అప్పుడు ఆపరేషన్ అయిన కాలిని ముందుకు చాపి, వాకర్ వదిలి కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా దిగాలి. లేచేటప్పుడు అంచుకు జరిగి, ఆ కాలిని మళ్లీ ముందుకు చాపి, కుర్చీ చేతులను నొక్కి లేచి, నిలబడ్డాకే వాకర్ పట్టుకోవాలి. వాకర్‌ను పట్టుకుని లాగుతూ లేస్తే అది మీదికి తిరగబడుతుంది. సాయం చేసేవారు చంకల్లో చేతులు వేసి ఎత్తడం, చేయి పట్టి గుంజడం మానుకోవాలి. నడుముకు గట్టి బట్ట కట్టి, పక్కన కొంచెం వెనుకగా నిలబడి, దాన్ని పట్టుకుంటే చాలు. మంచం మీద లేచి కూర్చున్న వెంటనే నిలబెట్టకుండా రెండు నిమిషాలు కాళ్లు వేలాడేసి కూర్చోనివ్వాలి. బీపీ మాత్రలు వేసుకునేవారికి ఒక్కసారిగా లేస్తే కళ్లు చీకట్లు కమ్ముతాయి.

వాకర్ ఎత్తు సరిపోయిందో లేదో చూడటానికి, మనిషి చేతులు వదిలి నిలబడినప్పుడు పిడి మణికట్టు ముడత దగ్గరకు రావాలి. నడుము ముందుకు వంగిపోయిన పెద్దవారు మా జిల్లాలో చాలామంది ఉన్నారు కాబట్టి, వారి వంపును బట్టి కొలవాలి గానీ నిటారుగా నిలిపి కొలిస్తే పిడి ఎత్తవుతుంది. నడకలో ముందు వాకర్, తరువాత ఆపరేషన్ అయిన కాలు, ఆ తరువాత మంచి కాలు. తిరిగేటప్పుడు చిన్న చిన్న అడుగులతో గుండ్రంగా తిరగాలి, ఆ కాలి మీదే మెలి తిరగకూడదు. ఒకేసారి అరగంట నడిపించడం కన్నా పూటకు మూడు నాలుగు మార్లు ఐదేసి నిమిషాలు మేలు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు వేయాలి, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు దించాలి. తరువాత చేతికర్రకు మారినప్పుడు దాన్ని మంచి కాలి వైపు చేతిలో పట్టుకోవాలి. దాదాపు అందరూ దీన్ని తప్పుగా, నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు.

సాయం చేసే మనుషుల గురించి. పాలమూరు నుంచి ముంబై, పుణె దాకా వలసపోయిన కుటుంబాల్లో ఇంట్లో మిగిలేది ముసలివాళ్లే, వారిలో ఒకరికి తుంటి విరిగితే చూసుకునేది ఇంకొక ముసలి మనిషే. అలాంటప్పుడు మొదటి ఆరు వారాలకు కొడుకులు, కోడళ్లు, బిడ్డలు వారం వారం వంతులు వేసుకుని రావాలి. అందరూ మొదటి వారమే వచ్చి పోతే మూడో వారానికి మనిషి మళ్లీ మంచం ఎక్కుతుంది. పలకరించడానికి వచ్చేవారిని కూడా సాయంత్రం ఒక గంటకు పరిమితం చేయడం మేలు. మాకు మొదటి ఆదివారం ఆటోలో పదకొండు మంది వచ్చారు, ఆ రోజు అమ్మ ఒక్క అడుగు కూడా వేయలేదు.

కుట్లు, నొప్పి, గడ్డ, మతిభ్రమ

కోత మీది కట్టు తడవకూడదు. పసుపు, నూనె, ఆకుపసరు ఏదీ పూయకూడదు. కుట్లు లేదా పిన్నులు సాధారణంగా పన్నెండు నుంచి పద్నాలుగు రోజులకు తీస్తారు. అంతవరకు తడిబట్టతో ఒళ్లు తుడిస్తే సరిపోతుంది. కాపడం పెట్టే బదులు, బట్టలో చుట్టిన ఐస్ ముక్కలను పదిహేను నిమిషాలు ఆనిస్తే వాపు, నొప్పి రెండూ తగ్గుతాయి.

నొప్పి మాత్రలు డాక్టరు రాసినవే, రాసిన వేళకే వేయాలి. నొప్పి తగ్గితేనే మనిషి నడుస్తుంది కాబట్టి వ్యాయామానికి అరగంట ముందు మాత్ర పడేలా చూసుకోవాలి. ఊళ్లో ఆర్ఎంపీని పిలిపించి నొప్పి సూది వేయించే అలవాటు మాత్రం ఇక్కడ ప్రమాదకరం. రక్తం పలుచన చేసే మందుతో పాటు ఆ నొప్పి మందులు కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఆపరేషన్ అయిన వైపు పిరుదుకు సూది వేస్తే లోపలి లోహం చుట్టూ చీము చేరే ముప్పు ఉంది. కొన్ని నొప్పి మాత్రలు మలబద్ధకం చేస్తాయి, మూడు రోజులు దొడ్డికి పోకపోతే డాక్టరును అడగాలి.

రక్తం పలుచన చేసే మందు నాలుగైదు వారాల వరకు ఉండవచ్చు. మనిషి నడుస్తున్నాడు కదా అని ముందే ఆపకూడదు. ఒక పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అదే రోజు దవాఖానకు పోవాలి. ఆ పిక్కను నూనెతో రుద్దడం చాలా ప్రమాదం, గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. కోత నుంచి చీము, ఎరుపు, చలిజ్వరం కనిపించినా, తుంటిలో ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి వచ్చి కాలు పొట్టిగా మారి నిలబడలేకపోయినా, బంతి జారిందేమో, చీము పట్టిందేమో చూడవలసింది ఆపరేషన్ చేసిన డాక్టరే.

ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో కొందరు పెద్దవారు సాయంత్రం కాగానే చనిపోయినవారితో మాట్లాడుతున్నట్లు, ఊళ్లో ఉన్నట్లు, కన్నబిడ్డలను గుర్తుపట్టనట్లు ప్రవర్తిస్తారు. దాన్ని గాలి సోకిందనో, పిచ్చి పట్టిందనో అనుకుని తాయెత్తు కట్టించడం మా వైపు ఇంకా ఉంది. ఇది మత్తు, నొప్పి, నీరు తగ్గడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నిద్రలేమి వంటివాటి వల్ల వచ్చే తాత్కాలిక మతిభ్రమ. డాక్టరుకు చెప్పాలి. కళ్లద్దాలు, వినికిడి యంత్రం తొడిగి, పగలు వెలుతురులో కూర్చోబెట్టి, రాత్రి దీపాలు తగ్గించి, తెలిసిన ముఖం ఒకటి పక్కన ఉండేలా చూస్తే చాలామందికి రోజుల్లో తగ్గుతుంది.

తిండి

కోత ఉన్నంతకాలం పప్పు పెడితే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, పెరుగు చలువ అని చెప్పి, పెద్దవారికి చారన్నంతో సరిపెట్టే పథ్యం మన ఇళ్లలో బలంగా ఉంది. దీనికి ఆధారం లేదు. కోత మానడానికి, కండ తిరిగి రావడానికి కావలసింది మాంసకృత్తులే. యాభై కిలోల మనిషికి రోజుకు యాభై నుంచి డెబ్బై గ్రాముల దాకా కావాలి. గుడ్డులో ఆరు గ్రాములే ఉంటాయి కాబట్టి, రెండు గుడ్లతో పాటు రెండు పూటలా గట్టి పప్పు, పాలు, పెరుగు, నీచు తినేవారికి చేపో కోడికూరో కలవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం ఈ లెక్క డాక్టరు చెప్పాలి. జొన్నరొట్టె నమలలేకపోతే జొన్న గటక, రాగి జావ మంచివి. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. చక్కెర వ్యాధి ఉంటే ఈ వారాల్లో చక్కెర అదుపు తప్పకుండా చూడాలి, తప్పితే కోత మానదు.

మళ్లీ విరగకుండా: ఎముక, నీళ్లు, పడిన కారణం

నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే తుంటి విరిగిందంటే ఆ ఎముక ముందే గుల్లబారి ఉంటుంది. ఆపరేషన్ విరిగినదాన్ని నిలబెడుతుంది, మిగతా ఎముకలు అలాగే ఉంటాయి. రెండో తుంటి కూడా విరగవచ్చు. అయినా కుట్లు విప్పాక ఎముకల బలానికి మందు మొదలుపెట్టే ఇళ్లు తక్కువ. కాల్షియం, విటమిన్ డి తో పాటు వారానికొక మాత్ర గానీ, ఏడాదికొక సూది గానీ అవసరమా అని మీరే అడగాలి. వారం మాత్ర అయితే పరగడుపున గ్లాసు నిండా నీళ్లతో మింగి, అరగంట సేపు పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి, లేకపోతే అన్నవాహిక పుండు పడుతుంది.

ఇక్కడ మా ప్రాంతపు చిక్కు ఒకటి ఉంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ తరతరాలుగా ఉన్నదే. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తొలగించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే వచ్చింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడ్‌ను ఏళ్ల తరబడి తాగితే ఎముక దట్టంగా కనిపిస్తూనే పెళుసుబారుతుంది, వెన్ను, కీళ్లు బిగుసుకుపోతాయి. అందువల్ల ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్‌లో ఇలాంటివారి ఎముక ఉన్నదానికన్నా బలంగా కనిపించి మోసపుచ్చవచ్చు. వెన్ను బిగుసుకున్నవారికి నడుములో మత్తుసూది వేయడం కూడా కష్టమవుతుంది. కాబట్టి మా ఊరు ఫలానా, ఇన్నేళ్లు బోరునీళ్లు తాగాము అనే సంగతి ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పాలి. తాగడానికి మాత్రమే మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడి, అన్నం, పప్పు బోరునీళ్లతో వండితే ప్రయోజనం సగమే. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఇక ఎందుకు పడ్డారో తెలుసుకోకుండా వదలకూడదు. కంటిలో శుక్లం ఉందా, నిద్రమాత్రలు వాడుతున్నారా, లేవగానే బీపీ పడిపోతున్నదా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు? మా అమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు ఉన్న సంగతి ఆపరేషన్ తరువాతే బయటపడింది.

మూడో నెల, ఆ తరువాత

పరీక్షకు నల్లగొండ గానీ మహబూబ్‌నగర్ గానీ, వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ గానీ పోవలసివస్తే, మొదటి ఆరు వారాలు బస్సు వద్దు, ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు చాలా ఎత్తు. ఆటోలో కూర్చోవడం ఇంకా కష్టం. కారులో ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపి, మీద గట్టి దిండు వేసి, ముందు పిరుదులు ఆనించి కూర్చున్నాక రెండు కాళ్లను కలిపి లోపలికి తేవాలి. గంటకొకసారి ఆపి నాలుగడుగులు నడిపించాలి.

ఆరు వారాల నుంచి మూడు నెలల నడుమ చాలామంది వాకర్ వదిలి కర్రకు వస్తారు. బలం ఏడాది దాకా పెరుగుతూనే ఉంటుంది. కొందరికి కర్ర చివరి దాకా తోడుంటుంది, అందులో చిన్నతనం లేదు. బంతి మార్చినవారు నేల మీద కూర్చోవడం, గొంతుకూర్చోవడం శాశ్వతంగా మానడమే మంచిదని ఎక్కువమంది డాక్టర్లు చెబుతారు. రాడ్డు వేసినవారు ఎక్స్‌రేలో ఎముక అతుక్కున్నాక అడిగి మొదలుపెట్టవచ్చు. పూజకు, నమాజుకు కుర్చీ వేసుకోవాలి. బతుకమ్మ ఆడేవారు వంగి చప్పట్లు కొట్టకుండా నిలబడే కొట్టాలి. చెర్వుగట్టు, కురుమూర్తి వంటి గుట్టల మెట్లను ఎక్స్‌రే చూసిన డాక్టరు ఒప్పుకునే దాకా తలపెట్టవద్దు.

కర్రకు మారాక మరచిపోయేది దాని అడుగున ఉండే రబ్బరు. అది అరిగి నున్నగా మారితే తడి బండ మీద కర్రే జారుతుంది. నెలకొకసారి కర్రను తలకిందులు చేసి చూడాలి. మా అమ్మ కర్రకు ఎనిమిది నెలల్లో రెండుసార్లు మార్చవలసివచ్చింది, రెండోసారి అరిగిందని గమనించింది ఆమే.